ఐదో బండి

మార్చి 3, సోమవారం

నాలుగోది. బావ కారు నాలుగోది.

ముందు ఇది రాసుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే తడుముకోకూడదు. నిన్న ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి ఫ్లైఓవర్ దిగే చోట బల్ల వేసుకుని, తాగి నడిపేవాళ్ళ కోసం చెకింగ్ పెట్టాం. ముందు కర్ర పట్టుకుని నేను, వెనక మెషీన్‌తో పొడుగు కానిస్టేబుల్. మొదటిది ఆకుపచ్చ ఆటో. రెండోది మోటార్‌సైకిల్, మీద భార్యాభర్తలు. మూడోది పరుపులు కట్టుకొచ్చిన వ్యాను. నాలుగోది బావ కారు. ఐదోది స్కూటర్ మీద ముసలాయన. ప్రతి ఐదో బండినీ ఆపడం మా పద్ధతి కాబట్టి ముసలాయన్ని పక్కకి పంపాను. ఊదాడు. సున్నా వచ్చింది. రిజిస్టర్‌లో ఎక్కించాం. ఆయన నన్ను నానా మాటలూ అని వెళ్ళిపోయాడు.

అక్కడికి కిలోమీటరు దూరంలో, ఆసుపత్రి మలుపు దగ్గర, బావ కారు ఒకమ్మాయిని గుద్దింది. ఆ ఆసుపత్రి ల్యాబ్‌లోనే పనిచేస్తుందట. డ్యూటీ దిగి రోడ్డు దాటుతోంది. ఇరవై నాలుగేళ్ళు. ఆసుపత్రి గేటు ఎదురుగానే ప్రాణం పోయింది.

బావ పారిపోలేదు. ఆ అమ్మాయి పక్కనే రోడ్డు మీద కూలబడిపోయాడట. రక్తంలో మద్యం ఉండదగ్గదానికి రెండింతలు ఉందని డాక్టర్ రాశాడు.

నాలుగోదాన్ని ఆపే అధికారం నాకు లేదు.

మార్చి 4

అక్క మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. నాలుగో బండి కాబట్టి ఆపలేదని చెప్పాను. తలూపింది. ఎందుకు చెప్తున్నానో ఆవిడకి అర్థమైనట్టు లేదు, ఆవిడ అడగనే లేదు.

మార్చి 7, శుక్రవారం

స్టేషన్‌లో అందరూ నాతో మెత్తగా మాట్లాడుతున్నారు. టీ తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. పదహారేళ్ళ సర్వీసులో నాకెవరూ టీ తెచ్చిపెట్టలేదు. నా నోటికి భయపడి ఆమడ దూరంలో ఉండేవాళ్ళు.

నన్ను ‘ఐదో నంబరు’ అని పిలుస్తారు. వెనకాల మాత్రమే కాదు, మొహం మీద కూడా. ఆ పద్ధతి నేను చెప్పిందే. రెండేళ్ళ కిందట పెద్ద గొడవైంది. స్కూటర్లనీ ఆటోలనీ ఆపి, పెద్ద కార్లకి సెల్యూట్ కొట్టి పంపుతున్నామని పేపర్లో వేశారు. అబద్ధం కూడా కాదు. మీటింగులో అందరూ బూట్ల వైపు చూస్తూ కూర్చుంటే నేను లేచి చెప్పాను: ప్రతి ఐదో బండీ, ఎవరిదైనా సరే, ఆపుదాం. నాలుగింటిని వదిలేద్దాం, మంత్రిదైనా కూలీదైనా. మనసుకి పని ఉండకూడదు, వేళ్ళకే ఉండాలి. ఇన్‌స్పెక్టర్ గారు నవ్వారు కానీ ఒప్పుకున్నారు. నెల తిరక్కుండా ఆయన సొంత కారే ఐదోదైతే దింపి ఊదించాను. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

కుడిచేత్తో కర్ర, ఎడమచేతి వేళ్ళ మీద లెక్క. చిటికెన వేలు నుంచి బొటనవేలు దాకా. బొటనవేలు ముడవగానే కర్ర పక్కకి తిప్పాలి. ఐదో బండే రిజిస్టర్‌కి ఎక్కుతుంది, మిగతా నాలుగూ ఎక్కడా ఉండవు. నా వేళ్ళ మీద తప్ప.

ఆ మూలనున్న కెమెరా ఎన్నో నెలలుగా పనిచేయడం లేదు. ఇన్‌స్పెక్టర్ గారు ఇవాళ అడక్కుండానే ఆ సంగతి చెప్పారు.

మార్చి 11, మంగళవారం

బావ బెయిల్ మీద వచ్చాడు. కింద వాటాలో వాళ్ళు, పై వాటాలో నేను. మెట్ల మీద ఎదురైతే ఇద్దరం గోడ వైపు తిరిగాం.

ఈయన ఎలాంటి మనిషో రాసుకుంటే నాకైనా నమ్మకం కలుగుతుంది. వీల్ అలైన్‌మెంట్ షాపు. ఊళ్ళోవాళ్ళ చక్రాల వంకర తీసి నా బుద్ధి వంకర తీయలేకపోయానని నన్ను ఏడిపించేవాడు. అమ్మా నాన్నా పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. కొత్తగా పెళ్ళైన ఇంట్లో మరదల్ని తెచ్చి పెట్టుకుంటే నెత్తిన పెట్టుకున్నట్టేనని వాళ్ళమ్మ అంటే, నెత్తి ఉన్నది అందుకేనన్నాడు. నాకు స్కూటర్ నేర్పింది ఆయనే. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు నింపి, ఫొటో అంటించి, పరుగు పందేనికి ఆరు నెలలు పొద్దున్నే మైదానానికి తీసుకెళ్ళి, తను బెంచీ మీద నిద్రపోయి, నేను గెలిచానని ఊరంతా చెప్పాడు.

తాగేవాడు కాదని రాయలేను. ఎప్పుడో ఒకసారి. స్నేహితులు బలవంతపెడితే.

మార్చి 16, ఆదివారం

మళ్ళీ అదే చోట చెకింగ్. నేనే వెళ్తానన్నాను, భయపడుతున్నానని ఎవరూ అనుకోకూడదు.

లెక్క నిలవడం లేదు. మూడు దగ్గరికి రాగానే వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. చివరికి పైకి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పొడుగు కానిస్టేబుల్ వింతగా చూశాడు. ఇన్నాళ్ళూ మనసులోనే లెక్కపెట్టేవారు కదా మేడమ్ అన్నాడు. ఎండ దెబ్బకి తల పనిచేయడం లేదన్నాను.

ముగ్గురు దొరికారు. అందులో ఒకడు వెనక సీట్లో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని నడుపుతున్నాడు. వాడి తాళాలు లాక్కున్నాను. అవి లాక్కోకపోతే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు.

మార్చి 20, గురువారం

చెకింగులు ఉంచాలా తీసేయాలా అని కమిటీ వేశారు. బార్ల వాళ్ళూ టాక్సీ యూనియనూ ఎప్పటినుంచో అడుగుతున్నారు. మంచివాళ్ళని నడిరోడ్డు మీద దొంగల్లా నిలబెడుతున్నారని వాళ్ళ వాదన. ఇప్పుడు వాళ్ళకి బావ దొరికాడు. పోలీసుల ముందు నుంచే తాగి వెళ్ళి మనిషిని చంపాడు, ఇక ఈ చెకింగ్ ఎందుకు అంటున్నారు. వచ్చే నెల నన్ను పిలుస్తారట.

ఇన్‌స్పెక్టర్ గారు ఇవాళ కమిటీ ఆఫీసులో రిజిస్టర్ ఇచ్చి రమ్మని పంపారు. ఆరో అంతస్తు. పాత బిల్డింగు, లిఫ్టులో స్టూలు వేసుకుని ఒకావిడ కూర్చుని మీటలు నొక్కుతుంది. నీలం చీర, మెడలో గుర్తింపు కార్డు. నా యూనిఫాం చూసి, చెకింగుల పని మీదేనా వచ్చారని అడిగింది. అవునన్నాను. ఆసుపత్రి మలుపు దగ్గర పోయింది తన కూతురేనని చెప్పింది. ఆరో అంతస్తు ఎప్పుడొచ్చిందో తెలియలేదు. తలుపు తీసి పట్టుకుని, నేను దిగేదాకా ఉంది.

ఆ డ్రైవర్ నా బావ అని ఆవిడకి తెలుసు. పేపర్లో వేశారు కదా. నువ్వేం చేస్తావమ్మా, లెక్కలో రాలేదట కదా అంది. కమిటీ ముందు మాత్రం గట్టిగా చెప్పమంది. చెకింగులు తీసేస్తారని అందరూ అనుకుంటున్నారట. ఆ రోడ్డు మీద రోజూ వెళ్ళే పిల్లలు ఇంకా ఉన్నారంది.

దిగేటప్పుడు మెట్ల మీదుగా వచ్చేశాను.

ఏప్రిల్ 2, బుధవారం

బావ ఇవాళ పైకొచ్చాడు. నెల రోజుల తర్వాత. గుమ్మంలోనే నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని. ఎప్పుడూ చక్రాలకి అంగుళంలో వందో వంతు తేడా పట్టే మనిషి.

రా, కూర్చో అన్నాను. కూర్చోలేదు.

“ఒకటి అడుగుతాను. కోప్పడకు. ఆ రోజు నువ్వు నన్ను చూశావు కదా?”

చూశానన్నాను.

“దూరం నుంచి నిన్ను చూడగానే ఆగిపోదామనుకున్నాను. పక్కకి తీసి, తాళాలు నీకిచ్చేసి, ఆటోలో వెళ్దామనుకున్నాను. ఒట్టు. నువ్వు చెయ్యి ఊపి పొమ్మన్నావు. నా మరదలు పొమ్మందంటే నేను బానే ఉన్నానేమో అనుకున్నాను.”

నన్ను తప్పు పట్టడానికి చెప్పినట్టు లేదు. మెట్లు దిగుతూ రెండుసార్లు గోడ పట్టుకున్నాడు.

ఏప్రిల్ 3, గురువారం

మోటార్‌సైకిల్‌కీ పరుపుల వ్యానుకీ మధ్య ఒక టాక్సీ ఉంది.

పసుపు టాక్సీ. వెనక అద్దం మీద పసిపాప బొమ్మ అంటించి ఉంది. దాన్ని ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఈ డైరీలో కూడా రాయలేదు. దీన్ని చదివేది నేనొక్కదాన్నే. నాకు నేనే అబద్ధం చెప్పుకుంటూ నెల రోజుల నుంచి పేజీలు నింపుతున్నాను.

ఆటో ఒకటి. మోటార్‌సైకిల్ రెండు. టాక్సీ మూడు. వ్యాను నాలుగు. బొటనవేలు ముడిచాను. తలెత్తితే బావ.

అద్దం దించి ఉంది. ఏంటి పోలీసమ్మా, మా చేత కూడా ఊదిస్తావా అని నవ్వాడు. నవ్వు కొంచెం ఎక్కువైంది. పుదీనా బిళ్ళ వాసన గుప్పున వచ్చింది. బావ మామూలుగా పుదీనా నమలడు. తాగినప్పుడు, అక్క పసిగట్టకుండా నములుతాడు. ఈ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ.

ఎంతసేపు? ఒక ఊపిరి తీసినంతసేపు. అక్క మొహం గుర్తొచ్చింది. పేపర్లో బావ ఫొటో కనపడింది. ‘ఐదో నంబరు’ సొంత బావనే పట్టింది చూశారా అని స్టేషన్‌లో పగలబడి నవ్వడం వినపడింది. మెచ్చుకుంటారని కూడా తట్టింది, దానికి ఇంకా సిగ్గేసింది. ఇల్లు మూడు కిలోమీటర్లే కదా అనుకున్నాను. మూడు కిలోమీటర్లలో ఏమవుతుంది అనుకున్నాను. బొటనవేలు విప్పి, చెయ్యి ఊపాను. తర్వాత వచ్చిన ముసలాయన్ని పక్కకి పంపాను.

ఆ పద్ధతి పెట్టిందే ఇందుకు. మొహమాటం పడే అవకాశం మనిషికి ఉండకూడదని. రెండేళ్ళలో దాన్ని తప్పింది ఒక్కసారి, ఒక్కరు. ఆ పద్ధతి కనిపెట్టిన నేనే.

ఏప్రిల్ 7, సోమవారం

రేపు కమిటీ ముందు చెప్పేస్తాను. ఐదోదని చెప్పేస్తాను. పద్ధతిలో తప్పు లేదు, తప్పు నాది అంటే చెకింగులు నిలబడతాయి. ఉద్యోగం పోతే పోనీ.

ఏప్రిల్ 8, మంగళవారం

నాలుగోదని చెప్పాను.

లిఫ్టే ఎక్కాను ఇవాళ, ధైర్యం తెచ్చుకోవాలని. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, ఉన్నదున్నట్టు చెప్పు చాలు అంది. సరేనన్నాను.

లోపల పొడవాటి బల్ల. ఐదుగురు సభ్యులు. ముందు ఆసుపత్రి డాక్టర్ మాట్లాడాడు. చెకింగ్ ఉన్న వారాల్లో తన వార్డులో పగిలిన తలలు సగానికి తగ్గుతాయని, తాగినవాడు దొరక్కపోయినా దొరుకుతానేమోనన్న భయమే మందు అని చెప్పాడు. తర్వాత బార్ల వాళ్ళ వకీలు లేచాడు. చల్లగా, మర్యాదగా మాట్లాడతాడు. ఐదింటిలో ఒకటి పరీక్షిస్తే తక్కిన నలుగురు తాగుబోతులూ చక్కగా ఇంటికెళ్తారు కదా అన్నాడు. అన్నిటినీ ఆపితే ఊరు ఆగిపోతుంది. కొన్నిటినే ఆపితే చావులు ఆగవు. ఎటు చూసినా జనానికి అవస్థ తప్ప ఏముందని అడిగాడు.

నన్ను లేపి, ఆ కారు ఎన్నోది అన్నాడు.

నోరు తెరిచాను. కుర్చీల చివర అక్క కూర్చుని ఉంది. రావద్దన్నా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. బావ కేసు ఇంకా తేలలేదు. నేను కావాలని వదిలానని తెలిస్తే తాగినట్టు తనకీ నాకూ ముందే తెలుసని తేలిపోతుంది. ఇద్దరం లోపలికి పోతే ఆవిడ ఒక్కతే కింద వాటాలో.

ఇదంతా సాకేమో. ఏమో. నాలుగోదండీ అన్నాను.

అంటే మీ పద్ధతి అక్షరాలా పాటించారు, అయినా ఒక ప్రాణం పోయింది, అంతేనా అన్నాడు. అంతేనండీ అన్నాను.

సభ్యుల్లో ఒక పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు. సొంత బంధువు విషయంలో కూడా నిబంధన దాటలేదట. లోపం మనిషిలో లేదు, పద్ధతిలోనే ఉందని రాసుకున్నాడు.

ఏప్రిల్ 9

అక్క నా కోసం వండి పైకి పంపింది. అన్నీ నాకిష్టమైనవే. తిన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

తీసేశారు. ఈ నెలాఖరు నుంచి చెకింగులు ఉండవు. మెషీన్లు స్టోర్‌కి పంపేయమన్నారు. కారణాల్లో మొదటిది నా మాటే. ‘విధి నిర్వహణలో ఉన్న సిబ్బంది పద్ధతిని పూర్తిగా పాటించినప్పటికీ’ అని మొదలవుతుంది ఆ వాక్యం.

రిజిస్టర్ వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్ళాను. లిఫ్టులో ఇద్దరమే. ఆవిడకి అప్పటికే తెలుసు. నేను దిగబోతుంటే చెయ్యి పట్టుకుంది.

“నువ్వు బాధపడకు తల్లీ. నీ తప్పేం లేదు. అయినవాణ్ణి కాపాడుకోవడానికి అబద్ధం చెప్పకుండా లెక్క ప్రకారం చెప్పావు. ఇప్పుడు అలా ఎవరు చెప్తున్నారు?”

వాష్‌రూమ్‌కి పరిగెత్తాను. కొళాయి తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడ్చాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

మూడు రోజులు కూర్చుని ఉత్తరం రాశాను. టాక్సీ సంగతి, పుదీనా సంగతి, బొటనవేలు విప్పిన సంగతి. కింద సంతకం పెట్టి, ఇన్‌స్పెక్టర్ గారి గదిలోకి వెళ్ళి ఆయన ముందు పెట్టాను.

రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు తెలియదనుకున్నావా అన్నారు. ఆ రోజు సాయంత్రం నా మొహం చూడగానే అర్థమైందట.

“ఇది ఇప్పుడు పైకి పంపితే ఏమవుతుందో చెప్పనా? నీ ఉద్యోగం పోతుంది. మీ బావకి శిక్ష పెరుగుతుంది. తెలిసీ నోరు మూసుకున్నందుకు నన్నూ ఇంటికి పంపుతారు. చెకింగులు మాత్రం తిరిగి రావు. వాళ్ళకి ఇంకో కారణం దొరుకుతుంది, పోలీసులే దొంగలని. ఇంకెవరికమ్మా లాభం?”

ఉత్తరం నా వైపు తోశారు. చింపలేదు, దాచుకోలేదు. పంపాలనుకుంటే నువ్వే పంపుకో అన్నారు.

తీసుకుని బయటికొచ్చాను. వరండా చివరిదాకా నడిచేసరికి ఒంట్లోంచి ఏదో బిగువు సడలినట్టైంది. ఏమిటా అని చూసుకుంటే, సంతోషం. పంపక్కర్లేదన్న సంతోషం. ఇంటికొచ్చి ఉత్తరాన్ని స్టవ్ మీద కాల్చేశాను.

ఏప్రిల్ 28, సోమవారం

ఆవిడకైనా చెప్పాలనిపించింది. ఆవిడ నన్ను మంచిదాన్ననుకుంటూ ఉంటే భరించలేకపోతున్నాను.

సెలవు పెట్టి, మామూలు చీరలో వెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి ఆ బిల్డింగులో జనం ఉండరు. లిఫ్టు కింద ఆగి ఉంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత పెడుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

లోపలికెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాను. ఆ కారు ఐదోదని. తాగాడని తెలిసే వదిలానని. పైన అబద్ధం చెప్పానని.

అరుస్తుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. డబ్బా సంచిలో పెట్టుకుని, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

“పైన ఎందుకు చెప్పలేదు?”

భయపడ్డానన్నాను.

“ఇప్పుడు వెళ్ళి చెప్తావా?”

కమిటీ ముగిసిపోయింది, ఇప్పుడు చెప్పినా ఉపయోగం లేదు అని ఇన్‌స్పెక్టర్ గారి మాటలే అప్పజెప్పాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం వచ్చేంత విలువ కూడా నాకు ఇవ్వలేదు.

“మరి నాకెందుకు చెప్తున్నావు? నా పిల్ల ఎలాగూ రాదు. ఆ రోడ్డు మీద ఇంకో పిల్ల పోకుండా ఉంటే చాలనుకున్నాను. అది పైన చెప్పుంటే అయ్యేది. ఇక్కడ చెప్తే నీ ఒక్కదానికే బరువు దిగుతుంది. ఈ రాత్రి నువ్వు నిద్రపోతావు. నేను రేపటినుంచి ఇది కూడా మోయాలి.”

పైన నాలుగో అంతస్తులో ఎవరో గంట కొట్టారు. ఆవిడ తలుపు మూసుకుని పైకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 29, మంగళవారం

నిద్ర పట్టింది. పొద్దున ఏడున్నర దాకా మెలకువ రాలేదు.